కోడిపిల్లకు మొదటి దినపు టీకా ఏల?
(కంతులు పుట్టించు వైరసులును, కోడి దేహమందలి రక్షక కణములును)

గత వర్షాకాలమున వనపర్తికి సమీపమందలి యొక గ్రామమునుండి మన సంఘ సభ్యురాలొకామె మమ్ము పిలిపించి తన కోళ్లను చూపించెను. ఆమె సంతలో అరువది పిల్లలను కొని, పెరటిలో తడికెలు కట్టి, వేరుసెనగ పొట్టు పరచి శ్రద్ధగా పెంచుచుండెను. పిల్లలకు అప్పటికి రెండున్నర నెలల వయస్సు. "సారూ, నిన్నటిదాంక మంచిగ గింజలు ఏరుకున్నది. ఇయ్యాల ఒక కాలు ముందుకు, ఒక కాలు ఎనుకకు చాపుకొని పడ్డది" అని ఒక పెట్టను మా ముందుంచెను. మేము దానిని చేతబట్టి చూచి, కాలివ్రేళ్లు ముడుచుకొని యుండుటచే మేతలో బి2 విటమిను కొరతయని తలచి, పొడి మందొకటి నీళ్లలో కలిపి త్రాగింపుమని చెప్పి వచ్చితిమి. మేము పొరపడితిమి. దసరా నాటికి ఆమె యొద్ద అరువదిలో సగమునకు లోపుగనే మిగిలెను.

రెండవమారు పోయినపుడు అప్పుడే చచ్చిన పుంజునొకదానిని సంచిలో వేసికొని పశువైద్యశాలకు తీసికొనిపోతిమి. అచటి వైద్యులు తొడ లోపలి కండను వ్రేళ్లతో విడదీసి రెండు కాళ్ల పెద్ద నరములను మాకు చూపించిరి. ఎడమకాలి నరము తెల్లగా మెరయుచు, దానిపై అడ్డముగా సన్నని చారలు కలిగియుండెను. కుడికాలి నరము దానికి రెండింతలు లావై, చారలు చెరిగిపోయి, పసుపు కలిసిన బూడిదవన్నెగా నుండెను. కార్జముమీద జొన్నగింజలంతేసి తెల్లని కంతులుండెను. ఇది మారెక్ వ్యాధి యని వారు చెప్పిరి. ఆ మాట ఆమెకు తెలియజేసినపుడు ఆమె యడిగిన ప్రశ్న యొక్కటే: "మిగిలినవాటికన్న ఇప్పుడు సూది ఏపిద్దామా సారూ?"

ఇక లాభము లేదమ్మా యని మాత్రమే మేమప్పుడు చెప్పగలిగితిమి. ఏల లాభము లేదో, టీకా పుట్టిననాడే ఏల వేయవలెనో, వేసిన తరువాత కూడ ఏమేమి జాగ్రత్తలు వలయునో, ఆమెకు నాడు చెప్పవలసిన దానిని ఇచట సావకాశముగా వ్రాయుచున్నాము. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు జిల్లాలలో పెరటి కోళ్లు పెంచు సభ్యులందరును, ముఖ్యముగా వందకు లోపు పిల్లలను కొనువారు, దీనిని ఇంటిలోని స్త్రీలకు చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. కోళ్ల పని చేయువారు వారే గదా.

వ్యాధిని తెలిసికొనుటకు ముందు కోడి దేహమందలి కాపలాదారులను తెలిసికొనవలెను. కోడి రక్తమున ఎఱ్ఱకణములు గాక తెల్లకణములు కలవు. వీనిలో కొన్ని భక్షక కణములు. ఇవి ఊపిరితిత్తులలోను, ప్లీహములోను, ఇతర చోట్లను పొంచియుండి, దేహములోనికి వచ్చిన పరాయి వస్తువును మ్రింగివేయును. ఇవి గాక బి కణములనియు టి కణములనియు రెండు తెగలు కలవు. బి కణములు ప్రతిరక్షకములను తయారు చేయును. అనగా, ఒక్కొక్క శత్రువునకు సరిగా అతుకుకొని దానిని పట్టియుంచు ప్రోటీనులను రక్తములోనికి విడుచును. టి కణములలో కొన్ని చంపునవి. రోగక్రిమి చొరబడిన కణమును గుర్తించి ఆ కణమునే నాశము చేయును. మరికొన్ని సహాయకములు, ఇతర కణములను మేల్కొలిపి పనికి పురికొల్పును. సైన్యములో హవల్దారు వంటివని చెప్పవచ్చును. ఈ సహాయక టి కణములను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కథయంతయు వానిమీదనే నడచును.

ఈ బి అను పేరు కోడినుండియే వచ్చినది. కోడిపిల్లను కోసినపుడు మలద్వారమునకు పైభాగమున ఉసిరికాయ వలె గుండ్రని సంచి యొకటి కనబడును. పిల్ల పెరుగుకాలమున ఇది పెద్దదై, గ్రుడ్లు పెట్టు వయస్సు వచ్చుసరికి క్రుంగిపోవును. ఇటలీ దేశమున పాడువా నగరమందలి ఫాబ్రీషియస్ అను శరీరశాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను; ఆయన గ్రంథము ఆయన మరణానంతరము 1621లో వెలువడెను. అప్పటినుండి మూడు వందల యేండ్లకు పైగా ఇది దేనికి పనికివచ్చునో ఎవరికిని తెలియదు. 1950లలో అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున బ్రూస్ గ్లిక్ అను విద్యార్థి కోడిపిల్లలకు ఈ సంచిని కోసి తీసివేసి, ఏమగునోయని చూచుచుండెను. ఏమియు కాలేదు. ఆయన తోటివాడగు తిమోతి చాంగ్ విద్యార్థులకు పాఠము చెప్పుటకు కొన్ని కోళ్లు కావలసి, గ్లిక్ వద్దనున్న కోళ్లను తీసికొనిపోయి వానికి రోగక్రిముల సూది వేసెను. మామూలుగా ప్రతిరక్షకములు పుట్టవలసినది. సంచి తీసిన కోళ్లలో అవి పుట్టలేదు. పాఠము చెడిపోయెను గాని రహస్యము బయటపడెను. 1956లో వారు దీనిని కోళ్ల శాస్త్రపత్రికలో ప్రకటించిరి. ఆ సంచికి శాస్త్రజ్ఞులు బర్సా యని పేరు పెట్టియుండుటచేత అందు పుట్టు కణములకు బి కణములని పేరు వచ్చెను. నేడు మనుష్యుల వైద్యమున పెద్ద పెద్ద ఆసుపత్రులలో పలుకు ఈ పేరు కోడి తోకక్రిందనుండి వచ్చినదని మన రైతులలో ఎందరికి తెలియును? టి కణములు మెడకు ఇరుప్రక్కల ఉండు థైమసు అను గ్రంథులనుండి వచ్చునవి.

ఇప్పుడు వ్యాధి సంగతి. హంగరీ దేశపు పశువైద్యుడు జోసెఫ్ మారెక్ కాళ్లు పడిపోయిన పుంజులను పరీక్షించి 1907లో దీనిని గూర్చి వ్రాసెను. దీనికి కారణము వైరసు అని అరువదియేండ్ల తరువాత, 1967లో, ఇంగ్లండులో చర్చిల్, బిగ్స్ అను వారు స్థిరపరచిరి. ఇది హెర్పిసు కుటుంబపు వైరసు. మనుష్యులకు ఆటలమ్మ పుట్టించు వైరసు కూడ ఆ కుటుంబములోనిదే. ఐనను మారెక్ వైరసు మనుష్యులకు వ్యాధి కలిగించినట్లు ఎచటను తేలలేదు. కావున ఇంటిలో పిల్లలున్నారని భయపడ పనిలేదు. కంతులున్న కోడిని మాత్రము కూరకు వాడరాదు.

ఈ వైరసు పూర్ణరూపమున తయారగు స్థలము కోడి దేహమున ఒక్కటే: ఈకల మొదళ్లు. అచటినుండి అది చర్మపు చుండుతో కలిసి ధూళియై రాలును. గూటిలో సాలెపట్టులకు, తడికెలకు అంటుకొనియుండు బూడిదవన్నె ధూళిలో ఇది నెలల తరబడి చావక యుండును. వ్యాధి సోకిన కోడి రెండు వారములలో ధూళిని విడువ మొదలుపెట్టి బ్రదికినంత కాలము విడుచుచునే యుండును. పైకి ఆరోగ్యముగా కనబడు ముసలి పెట్ట కూడ ఇట్లు విడుచుచుండవచ్చును. ఇది గ్రుడ్డుద్వారా రాదు. ఊపిరి ద్వారానే వచ్చును.

పిల్ల ధూళిని పీల్చగానే ఊపిరితిత్తులలోని భక్షక కణములు దానిని మ్రింగును. మ్రింగుట వాని ధర్మము. ఐతే ఈ వైరసు వానిలో నశింపదు. భక్షక కణమే బండియై దానిని ప్లీహమునకు, థైమసునకు, బర్సాకు మోసికొనిపోవును. మూడవ దినమునుండి ఆరవ దినము వరకు అది బి కణములలో జొరబడి పెరిగి వానిని పగులగొట్టును. బర్సాయు థైమసును క్రుంగును. ఇదంతయు జరుగుచుండగా పిల్ల మామూలుగనే గింజలు ఏరుకొనుచుండును. పెంచువానికి ఏమియు తెలియదు.

దేహము ఊరకుండదు. మొట్టమొదట సహజ హంతక కణములనబడునవి వైరసున్న కణములపై పడును. భక్షక కణములు నైట్రిక్ ఆక్సైడు అను వాయువును వెలువరించి వైరసు పెరుగుదలను అణచును. కణములు ఇంటర్‌ఫెరాన్ అను ప్రోటీనును విడిచి ఇరుగుపొరుగు కణములను హెచ్చరించును. ఒక వారమునకు చంపు టి కణములు సిద్ధమగును; ఆ తరువాత ప్రతిరక్షకములు రక్తమున కనబడును. ఈ మొదటి వారమున వైరసును గట్టిగా అణచగలిగిన పిల్లలకు సాధారణముగా కంతులు పుట్టవు.

అణచలేని పిల్లలలో జరుగునది వినుడు. బి కణములకు ఆపద వచ్చెనని సహాయక టి కణములు మేల్కొని పరుగెత్తి వచ్చును. నిద్రించుచున్న టి కణములోనికి ఈ వైరసు సులభముగా పోజాలదు. మేల్కొన్నదానిలోనికే పోవును. అనగా రక్షింపవచ్చిన కణమునకే అది అంటుకొనును. ఏడెనిమిది దినములకు అది పగులగొట్టు పని మానివేసి, ఆ సహాయక కణములో దాగును; కణపు వంశసూత్రముల కొనలయందు తన సూత్రమును అతికించుకొని నిశ్శబ్దముగా నుండును. ఇట్లు దాగిన దానిని హంతక కణములు గుర్తింపజాలవు. కొన్ని వారములు గడచిన తరువాత, మెక్ అను వైరసు ప్రోటీనొకటి ఆ కణమును అదుపు లేక విభజించునట్లు చేయును. ఒకటి రెండగును, రెండు నాలుగగును, ఆగవు. నరములలో, కార్జములో, ప్లీహములో, గ్రుడ్డుతిత్తిలో, కొన్నిటికి కంటిలో, ఈ టి కణములు కుప్పలై కంతులగును. కంచె చేను మేసినట్లు, కోడిని కాచు కణమే కోడిని చంపు గడ్డ యగుచున్నది. మేము చూచిన లావెక్కిన నరము ఈ కణములతో నిండినదే.

బి కణములు మొదట నాశమగుటచేతనే వ్యాధి వచ్చునని చాలకాలము అందరును నమ్మిరి. ఐతే 2018లో బెర్లినులోని శాస్త్రజ్ఞులు బి కణములు పుట్టని కోళ్లకు ఈ వైరసును అంటించి చూడగా వానికిని కంతులు వచ్చెను. వైరసునకు బి కణము వసతిగృహమే గాని తప్పనిసరి దారి కాదన్నమాట. పుస్తకములలోని పటములను సరిదిద్దవలసి వచ్చెను.

ఇప్పుడు ఆ సభ్యురాలి ప్రశ్నకు సమాధానము దొరకినది. ఆమె పిల్లలు సంతలోని గంపలోనో, ఆ తరువాత పెరటిలోనో, మొదటి వారములలోనే ధూళిని పీల్చియుండవలెను. మేము చూచునాటికి వైరసు టి కణములలో దాగి రెండు నెలలైనది. టీకా దాగిన వైరసును బయటికి లాగజాలదు. పుట్టిన కంతిని కరగింపజాలదు. టీకాకు బలము వచ్చుటకు ఇంచుమించు వారము పది దినములు పట్టును. కావున ధూళి పీల్చుటకు ముందే, అనగా గ్రుడ్డునుండి వెలువడిన దినముననే, మెడవెనుక చర్మముక్రింద టీకా వేయవలెను. పెద్ద పొదుగుశాలలలో గ్రుడ్డు పొదుగు 18వ దినముననే యంత్రముతో గ్రుడ్డులోపల వేయుదురు.

ఆ టీకా ఏది? టర్కీ కోళ్లయందు హానిలేక యుండు హెర్పిసు వైరసొకటి కలదు. అది మారెక్ వైరసునకు దాయాది. కోడిలో ఏ కంతియు పుట్టింపదు. 1970లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు దానిని టీకాగా వాడవచ్చునని చూపిరి. దానికి ముందు సంవత్సరమున ఇంగ్లండులో మారెక్ వైరసునే బలహీనపరచి టీకా చేసియుండిరి. ఆ తరువాత హాలెండులో రిస్పెన్స్ అను నాయన మరొక రకము తయారు చేసెను; తీవ్రమైన వైరసు గల చోట్ల నేడు దానిని వాడుదురు. క్యాన్సరును నివారించు టీకా విరివిగా వాడుకలోనికి వచ్చుట లోకమున ఇదియే మొదటిసారి. మనుష్యులకు గాక కోళ్లకు.

టీకా వేసినపుడు ఆ దాయాది వైరసు పిల్ల దేహమున స్థిరపడి, హంతక కణములకును టి కణములకును శత్రువు రూపురేఖలను ముందుగా నేర్పును. తరువాత అసలు వైరసు వచ్చినపుడు మూడవ దినము నుండి ఆరవ దినము వరకు జరుగు విధ్వంసము చాల తగ్గును, దాగుటకు పోవు వైరసు కూడ తగ్గును, కంతులు పుట్టవు. ఐతే పాఠకులు ఒక సంగతి మరువరాదు. టీకా వేసిన కోడికి వైరసు సోకకపోదు. అది సోకును, ఈకలనుండి ధూళిగా రాలును. కోడి చావదు, అంతే. ఇందు ఒక చిక్కు కలదు. మునుపు అతితీవ్రమైన వైరసు తన కోడిని త్వరగా చంపి తానును నిలువక పోవుచుండెను. టీకా వేసిన కోడి బ్రదికి యుండి దానిని చాలకాలము వెదజల్లును. 2015లో ఆండ్రూ రీడ్, వేణుగోపాల్ నాయర్ మొదలగువారు ప్రయోగములు చేసి దీనిని ప్రకటించిరి. దీని నుండి మనము నేర్వవలసినది టీకా వద్దని కాదు. టీకా వేసిన పెద్దకోళ్ల ప్రక్కన టీకా లేని పిల్లలను ఉంచుట వానిని చంపుటయే యని.

మన గ్రామములలో సరిగా ఇదియే జరుగుచున్నది. పొదుగుశాలనుండి టీకా వేసిన వనరాజా పిల్లలను తెచ్చి, అదే పెరటిలో ఊరికోడి పొదిగిన పిల్లలను కలిపి విడుచుదురు. ఊరికోడి పిల్లలు మూడు నెలలకు కాళ్లు పడి చచ్చినచో "సీమకోళ్లు వచ్చి మన కోళ్లను చంపినవి" అందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఐతే తప్పు కోడిది కాదు.

కంతులు పుట్టించు వైరసులలో మరొక తెగ కలదు. దానిని కొంచెముగా చెప్పుదుము. 1908లో డెన్మార్కు రాజధానియందు ఎల్లెర్మన్, బాంగ్ అను వారు కోళ్ల రక్తక్యాన్సరు వడపోసిన రసముతో ఒక కోడినుండి మరొక కోడికి అంటునని చూపిరి. 1911లో న్యూయార్కులో పేటన్ రౌస్ ఒక రైతు తెచ్చిన ప్లిమత్ రాక్ పెట్ట గడ్డను నూరి, వడపోసి, ఆ రసముతో వేరు కోళ్లకు గడ్డలు పుట్టించెను. నాడెవరును లక్ష్యపెట్టలేదు. 1966లో, ఎనుబది యేడవయేట, ఆయనకు నోబెల్ బహుమానమిచ్చిరి. ఈ తెగవానిని ల్యూకోసిస్ వైరసులందురు. మారెక్ వైరసు టి కణములను చెరుపగా, ఇవి ముఖ్యముగా బర్సాలోని బి కణములను చెరుపును. నాలుగు నెలలు దాటిన తరువాతనే కంతులు కనబడును, కార్జము పెద్దదగును, బర్సాలోనే గడ్డ కట్టును, నరములు లావెక్కవు. చచ్చిన కోడిని కోసి చూచువారు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

ఇది గ్రుడ్డుద్వారా తల్లినుండి పిల్లకు వచ్చును. గ్రుడ్డులోనుండగనే వచ్చిన వైరసును పిల్ల రక్షక కణములు తమ దేహములోని వస్తువేయని భావించును. ఇంటి దొంగను ఈశ్వరుడైన పట్టలేడు గదా. ఆ పిల్ల జన్మమందు ఎన్నడును ప్రతిరక్షకములు తయారు చేయదు. పెరిగి పెట్టయై తన గ్రుడ్లలోనికి వైరసును విడుచును. పుట్టిన తరువాత ప్రక్క పిల్లనుండి వైరసు సోకిన పిల్ల మాత్రము దానిని పరాయిదిగా గుర్తించి ప్రతిరక్షకములు చేయును, చాలవరకు బాగుగనే యుండును. ఒకే వైరసు, ఒకే రకపు కణములు. కొద్ది దినముల తేడాతో ఫలము వేరు. దీనికి టీకా లేదు. తల్లికోళ్లను పరీక్షించి వైరసు విడుచుదానిని తీసివేయుటయే ఉపాయము. అది గ్రుడ్లు పొదిగించు సంస్థల పని. మనము చేయగలిగినది తల్లికోళ్లను పరీక్షించు చోటనే పిల్లలను కొనుట.

జాతిని గూర్చి కూడ ఒక మాట. అన్ని కోళ్లకును ఈ వ్యాధి ఒకే విధముగా రాదు. కణములపైన ఉండి రోగక్రిమి ముక్కలను టి కణములకు చూపు ప్రోటీనులు కోడి వంశమును బట్టి మారును. వానిలో బి21 అను రకము గల కోళ్లు మారెక్ వ్యాధిని బాగుగా తట్టుకొనును. బి19 గలవి త్వరగా లోబడును. 1968లో కార్నెల్ విశ్వవిద్యాలయమున కోల్ అను నాయన కొద్ది తరములలోనే ఏరి పెంచి, తట్టుకొను వంశమును లోబడు వంశమును వేరు చేసి చూపెను. మన ఊరికోళ్లకు ఏ వ్యాధియు రాదని కొందరు గట్టిగా చెప్పుదురు. మేము అట్లు చెప్పజాలము. వానిలో గట్టివి కలవు, గట్టివి కానివియు కలవు. ఏవి ఎవ్వో ఈకల రంగు చూచి తెలియదు.

హైదరాబాదు రాజేంద్రనగరులో 1988లో స్థాపింపబడిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకని వనరాజా, గ్రామప్రియ అను రకములను తయారు చేసినది. వారి పట్టికలో మొదటి దినమున మారెక్ టీకాయు, ఏడవ దినమున కొక్కెర తెగులుకు లసోటా చుక్కలును కలవు. మన సభ్యులు రెండవదానిని ఎరుగుదురు, మొదటిదానిని ఎరుగరు. కొక్కెర తెగులు వచ్చినచో నాలుగు దినములలో గూడంతయు ఖాళీ యగును గావున దానికి భయపడుదురు. మారెక్ వ్యాధి దొంగవలె ఒక్కొక్కదానిని తీసికొనిపోవును గావున లెక్కకు రాదు. కాళ్లు పడిపోవుట రెంటను కలదు. ఐతే కొక్కెర తెగులులో గురక, పచ్చని విరేచనములు, మెడ మెలిదిరుగుట ఉండును, మందయంతయు ఒక్కసారి పడిపోవును.

టీకా వేసియు కోళ్లు చచ్చిన సందర్భములు కలవు. దీనికి కారణము మన చేతులలోనే తరచుగా నుండును. ఎండబెట్టిన టీకాను చల్లని ద్రవములో కలిపిన తరువాత మంచుగడ్డపై ఉంచి గంటలోపల వాడవలెను. ద్రవ నైట్రోజనులో ఉంచు రకము మరింత సుకుమారమైనది; అది పొదుగుశాలలకే తగినది. రెండవ కారణము, టీకా వేసిన సాయంకాలమే పిల్లలను పాత గూటిలోని పాత పొట్టుమీద విడుచుట. టీకాకు బలము వచ్చుటకు ముందే ధూళి ముక్కులో పడును. మూడవది గంబోరో వ్యాధి. అది బర్సాను నేరుగా పాడుచేయుటచే ఏ టీకాయు సరిగా అంటదు. నాలుగవదానిని మన జిల్లాలవారికి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మనకు వేరుసెనగ పంట విస్తారము. తడిసి బూజుపట్టిన వేరుసెనగ గింజలను, చెక్కను, "మనుషులకు పనికిరాదు, కోళ్లకు వేయుము" అని పడవేయుదురు. ఆ బూజులోని అఫ్లటాక్సిను అను విషము కార్జమును చెరుపుటయే గాక బర్సాను, థైమసును క్రుంగజేసి రక్షక కణములను నీరసపరచును. 1960లో ఇంగ్లండులో వేరుసెనగ పిండి తిన్న టర్కీ కోళ్లు వేలకు వేలుగా చచ్చినప్పుడే లోకమునకు ఈ విషము సంగతి తెలిసినది. వేరుసెనగ పొట్టును పరుపుగా వేయువారు కూడ బాగుగా ఎండినదానినే వేయవలెను.

ఇక మిగిలినది పైకము సంగతి. ఈ టీకా ఖరీదైనది కాదు. కష్టమెచట ననగా, సీసా ఒక్కటి వేయి పిల్లలకు సరిపడునట్లు వచ్చును. కలిపిన తరువాత నిలువయుండదు. ఇరువది పిల్లలున్న ఇల్లాలు వేయి పిల్లల సీసా కొని తొమ్మిది వందల యెనుబది మోతాదులు పారబోయదు గదా. అందుచే కొనదు. సంతలో అమ్మువాడు కూడ ఈ కారణముననే వేయించడు. అడిగినచో "అన్నీ అయిపోయినయి" అనును. ఈ చిక్కు ఒంటరిగా తీరదు, కలిసి కొన్నచో తీరును. ఎరువులను, విత్తనములను కలిసి కొనుచున్నాము. పిల్లలను ఏల కొనరాదు? ఐదారు గ్రామముల సభ్యులు కలిసి ఒకే దినమున వేయి పిల్లలను పొదుగుశాలనుండి తెప్పించినచో, టీకా వేసిన తేదీయు, టీకా పేరును, సీసా సంఖ్యయు గల చీటీని వ్రాసి యిమ్మని అడుగు హక్కు మనకుండును. చీటీ లేని పెట్టెను దింపుకొనరాదు.

వనపర్తి ప్రాంతపు ఆ సభ్యురాలు మిగిలిన కోళ్లను అమ్మివేసి, పొట్టునంతయు ఊడ్చి దూరముగా గుంటలో పూడ్చి, తడికెలను కాల్చివేసి, నేలకు సున్నము కొట్టి, మూడు నెలలు గూడు ఖాళీగా నుంచెను. ఇప్పుడు ఆమె మరల నలువది పిల్లలకు పేరు వ్రాయించినది. ప్రక్క యింటివారి కోళ్లు గోడ దూకి వచ్చుచున్నవని ఆమెకు దిగులు. మొదటి ఆరు వారములు పిల్లలను పెద్దకోళ్లు రానిచోట, వేరుగా, గాలి వచ్చు వైపున ఉంచి, మేత వేయునపుడు ముందు పిల్లలయొద్దకు, తరువాతనే పెద్దవానియొద్దకు పోవలెనని చెప్పితిమి. పిల్లలు కావలసిన ఇతర సభ్యులు తమ గ్రామపు సంఘ కార్యదర్శియొద్ద సంఖ్యను వ్రాయింపవలెను. వేయి నిండిన తరువాత దినము నిర్ణయించి తెలుపుదురు. పెట్టెలు దిగు ఉదయమున మేము స్వయముగా వచ్చి చీటీలు సరిచూచెదము. ఆ దినమున చచ్చిన కోడి యేదైన మీ ఊరిలో నున్నచో తెండు, తొడ విప్పి రెండు నరములను ప్రక్క ప్రక్కగా చూపెదము.